1,20,000 డాలర్ల స్కాలర్‌షిప్, 2,36,700 డాలర్ల బిల్లు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

2024 జనవరిలో మొదలై 2025 వేసవి దాకా నడిచిన కేసు ఇది. కూతుర్ని ఏ కాలేజీలో చేర్చాలో తేల్చుకోవడానికి నా సలహా అడిగిన, అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబం. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులు. అమ్మాయి పన్నెండో తరగతి, తమ్ముడు రెండేళ్లు చిన్న. అందరికీ గ్రీన్ కార్డులున్నాయి కాబట్టి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) విద్యా లోన్లకు ఇబ్బంది లేదు. హెచ్1బీ లాంటి ఉద్యోగ వీసాదారుల కుటుంబానికి ఇచ్చే హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలకు ఆ దారి ఉండదు, వాళ్ల లెక్క వేరేగా వేయాలి. రాష్ట్రం, కాలేజీల పేర్లు తీసేశాను, అంకెల్ని అటూ ఇటూ సర్దాను.

అమ్మాయికి అన్‌వెయిటెడ్ జీపీఏ (కష్టమైన కోర్సులకు అదనపు పాయింట్లు కలపకుండా 4కు లెక్కించే సగటు గ్రేడు) 3.9, కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీలో 1600కు 1480. కెమికల్ ఇంజనీరింగ్ చదవాలని పట్టుదల. కాల్‌క్యులస్ బీసీలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్ష (హైస్కూల్లోనే కాలేజీ క్రెడిట్లు తెచ్చిపెట్టగలది) రాయబోతోంది. ఈ ఒక్క వివరం తర్వాత చాలా దూరం వెళ్తుంది.

ఆమె పేరున, చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే 529 ఖాతాలో 92,000 డాలర్లున్నాయి. జీతాల్లోంచి నెలకు 1,500 తీయగలమన్నారు, అంటే నాలుగేళ్లకు 72,000. మొత్తం 1,64,000. మొదటి రోజే ఈ అంకెను కాగితం మీద పెట్టించాను. చాలా ఇళ్లలో ఆఫర్ లెటర్ ముందొస్తుంది, ఎంత పెట్టగలం అన్న ప్రశ్న తర్వాతొస్తుంది. అప్పుడు లెటర్‌కు తగ్గట్టు ఆ అంకె సాగుతూ పోతుంది.

వచ్చిన సమస్య

జనవరిలో ఒక ప్రైవేటు కాలేజీ నుంచి మందపాటి కవర్ వచ్చింది. లోపల సర్టిఫికెట్‌లాంటి లెటర్, దాని మీద పెద్దక్షరాల్లో 1,20,000 డాలర్ల మెరిట్ స్కాలర్‌షిప్. ఏడాదికి 30,000 చొప్పున నాలుగేళ్లు. ఫిబ్రవరి మధ్యలోగా 500 డాలర్లు డిపాజిట్ కడితే హాస్టల్ గది ఎంచుకోవడంలో ముందు వరుస అన్నారు. ఆ 500 తిరిగి రాదు.

"లక్షా ఇరవై వేలు ఇస్తామంటుంటే కాలదన్నుకుంటామా అండీ?" అన్నది తండ్రి మొదటి మాట. తల్లికి మాత్రం అనుమానం ఉంది. "ఇస్తున్నారు సరే, మనం కట్టేదెంతో ఎవరూ చెప్పడం లేదు" అంది. కేసంతా ఆ మాటలోనే ఉంది.

ఆ ఏడాది పరిస్థితి కూడా ఈ లెటర్‌కు కలిసొచ్చింది. ఫెడరల్ ఆర్థిక సాయానికి నింపే కొత్త ఫాఫ్సా ఫారం 2023 డిసెంబరు చివర్లో గాని తెరుచుకోలేదు, విద్యార్థుల వివరాలు కాలేజీలకు చేరేసరికి మార్చి వచ్చింది. మెరిట్‌కు సాధారణంగా ఫాఫ్సా అక్కర్లేదు కాబట్టి ఆ లెటర్లు ముందే వచ్చేశాయి, మిగతా కాలేజీల పూర్తి లెక్కలు ఏప్రిల్ దాకా రాలేదు. మూడు నెలలపాటు ఇంట్లో ఫ్రిజ్ మీద ఒకే ఒక్క అంకె కనిపిస్తే, తర్వాత వచ్చినవన్నీ దాని ముందు చిన్నగానే కనిపిస్తాయి.

నా మొదటి సలహా చాలా చిన్నది: ఆ 500 కట్టకండి. ప్రవేశం పోదు, పోయేది గది ఎంపికలో వరుస మాత్రమే. డబ్బు కట్టాక మనసు ఆ కాలేజీ వైపు వాదించడం మొదలెడుతుంది.

ఏప్రిల్ మొదటి వారానికి చేతిలో మూడు ఆఫర్లున్నాయి. ప్రైవేటు కాలేజీలో ట్యూషన్, ఫీజులు 62,000, హాస్టలు, తిండి, పుస్తకాలు, ప్రయాణాలు కలిపి మొత్తం ఖర్చు 84,000, స్కాలర్‌షిప్ పోను 54,000. సొంత రాష్ట్రంలోని పెద్ద పబ్లిక్ యూనివర్సిటీలో మొత్తం 33,000, స్కాలర్‌షిప్ సున్నా. పొరుగు రాష్ట్రపు పబ్లిక్ యూనివర్సిటీలో మొత్తం 52,000, మెరిట్ 22,000, అంటే కట్టాల్సింది 30,000.

పైపైన చూస్తే ఇక్కడితో తేలిపోవాలి. తేలలేదు. తండ్రి వాదన ఇది: ప్రైవేటు కాలేజీ ఖరీదైన సరుకు, అది తగ్గింపులో వస్తోంది. 33,000 పెట్టి పూర్తి ధరకు మామూలు సరుకు కొనడమెందుకు? పిల్లను ఎవరు ఎక్కువ కోరుకుంటున్నారో స్కాలర్‌షిప్పే చెబుతోంది కదా? ఈ రెండో ముక్కే అసలు ముడి. ఆయనకు 1,20,000 డబ్బు లెక్క కాదు, కూతురికి దక్కిన గౌరవం. దాన్ని తీసిపారేస్తే ఏ లెక్కా చెవికెక్కదు.

ప్రయత్నాలు, బెడిసికొట్టినవి

ముందు ఆ గౌరవం సంగతే చూశాం. చాలా కాలేజీలు కామన్ డేటా సెట్ అనే పట్టికను ఏటా వెబ్‌సైట్‌లో పెడతాయి. అందులో హెచ్ విభాగంలో, ఆర్థిక అవసరం లేకున్నా మెరిట్ సాయం అందుకున్న కొత్త విద్యార్థులు ఎంతమందో, సగటున ఎంత అందిందో ఉంటుంది. ఆ ప్రైవేటు కాలేజీలో అవసరం లేని కొత్త విద్యార్థుల్లో ఎక్కువ మందికి మెరిట్ అందింది, సగటు 27,000. అమ్మాయికి వచ్చింది దానికి మూడు వేలు ఎక్కువ. అమెరికాలో ప్రైవేటు నాన్‌ప్రాఫిట్ కాలేజీలు మొదటి ఏడాది పిల్లలకు ట్యూషన్‌లో ఇచ్చే సగటు తగ్గింపు ఇప్పటికే సగం దాటింది. 62,000 మీద 30,000 అంటే 48 శాతం. పేరు ఘనంగా ఉన్నా అది ఆ కాలేజీ తన సీటుకు వేసుకున్న మామూలు అమ్మకపు ధర. ఈ పట్టిక చూశాక తండ్రి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాతే లెక్కలు వినడం మొదలైంది.

అయినా ప్రైవేటు కాలేజీని వదల్లేదు. ధర దించగలమా అని మూడు దారులు చూశారు, మూడూ మూసుకుపోయాయి.

మొదటిది అప్పీలు, అంటే సాయం పెంచమని కాలేజీని కోరడం. తండ్రే ఒకటిన్నర పేజీ ఉత్తరం రాశారు: రోబోటిక్స్ పతకాలు, సేవా కార్యక్రమాలు, చివర్లో "మా రాష్ట్ర యూనివర్సిటీ ధరకు సరిపోల్చండి" అని. నాలుగో రోజున రెండు వాక్యాల జవాబు వచ్చింది, కుదరదని. ఎందుకు కుదరలేదో చూస్తే తప్పులు తెలుస్తాయి. పతకాలన్నీ అప్లికేషన్‌లోనే ఉన్నాయి, కొత్త సమాచారం ఒక్కటీ లేదు. ఎంత కావాలో అంకె లేదు. అన్నిటికీ మించి, ప్రైవేటు కాలేజీ సొంత రాష్ట్ర పబ్లిక్ యూనివర్సిటీతో ధరలో పోటీ పడదు, తనలాంటి మరో ప్రైవేటు కాలేజీ ఆఫర్ చూపిస్తేనే కదులుతుంది. పైగా రాసింది విద్యార్థిని కాదు.

రెండోది, అవసరం ఆధారంగా ఇచ్చే సాయం. ఫాఫ్సాలో వీళ్ల స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ (కుటుంబం ఏడాదికి ఎంత పెట్టగలదో ఫెడరల్ లెక్క చెప్పే అంకె) దాదాపు 48,000 వచ్చింది. 84,000 లోంచి 48,000 తీసేస్తే కాగితం మీద 36,000 అవసరం కనిపిస్తోంది కదా అని ఆశ. కానీ చేతికొచ్చిన 30,000 మెరిట్‌ను కాలేజీ ముందుగా ఆ 36,000 లోనే జమ కట్టుకుంటుంది. మిగిలిన 6,000 కూడా ఇచ్చి తీరాలని రూలేం లేదు. చాలా కాలేజీలు పూర్తి అవసరం తీర్చవు, ఇదీ వాటిలో ఒకటే.

దీనికి తోడు స్నేహితుల దగ్గర విన్న ఒక మాట: "రెండేళ్లాగండి, తమ్ముడూ కాలేజీలో చేరితే మీ ఇండెక్స్ సగమవుతుంది." పాత పద్ధతిలో అది నిజమే. 2024-25 ఫాఫ్సా నుంచి ఆ విభజన తీసేశారు, ఒకేసారి ఇద్దరు చదువుతున్నా ఫెడరల్ లెక్కలో తల్లిదండ్రుల వాటా పంచరు. సొంతంగా సీఎస్‌ఎస్ ప్రొఫైల్ (ఫాఫ్సా కాక విడిగా నింపే మరింత వివరమైన ఆర్థిక దరఖాస్తు) అడిగే కొన్ని కాలేజీలు మాత్రం ఇద్దరు చదువుతున్న సంగతి చూడొచ్చు. పెద్ద పిల్లల్ని 2023కు ముందు చదివించినవాళ్లు ఇచ్చే సలహాల్లో ఇలాంటి చెల్లని నాణేలు బోలెడు.

మూడోది, బయటి స్కాలర్‌షిప్పులు. అమ్మాయి వారాంతాలన్నీ వ్యాసాలు రాసి రెండు గెలిచింది, మొత్తం 4,500. రెండూ ఒక్క ఏడాదికే. ప్రైవేటు కాలేజీ రూల్ ప్రకారం బయటి డబ్బు వస్తే ముందుగా కాలేజీ ఇచ్చే గ్రాంటులో ఆ మేరకు కోత పెట్టొచ్చు. గెలిచింది తను, మిగిలింది కాలేజీకి.

నాలుగేళ్ల షీటు

మలుపు తిప్పింది ఒక స్ప్రెడ్‌షీటు. నాలుగు నిలువు గడులు, ఏడాదికొకటి. ఖర్చు పెరుగుతుంది, స్కాలర్‌షిప్ పెరగదు. ఈ ఒక్క సంగతి ఆఫర్ లెటర్లో ఎక్కడా రాయరు.

ప్రైవేటు కాలేజీ వెనకటి ఏళ్ల ఫీజులు చూస్తే పెరుగుదల ఏటా సుమారు 4 శాతం. ఆ లెక్కన 84,000 కాస్తా 87,360, తర్వాత 90,850, నాలుగో ఏడాదికి 94,490. మొత్తం 3,56,700. అందులోంచి 1,20,000 తీసేస్తే 2,36,700. మొదటి ఏడాది 54,000ను నాలుగుతో గుణించుకుని కూర్చున్న కుటుంబానికి ఇది 20,700 ఎక్కువ. నాలుగో ఏడాది ఒక్కదానికే 64,490 కట్టాలి.

పొరుగు రాష్ట్రానిదీ 4 శాతమే వేశాం: మొత్తం 2,20,800, అందులో 88,000 మెరిట్ పోను 1,32,800. సొంత రాష్ట్రానికి 3 శాతం: 1,38,060. కొన్ని యూనివర్సిటీలు చేరిన ఏడాది ట్యూషన్‌నే నాలుగేళ్లూ ఉంచుతాయి. అలాంటిది దొరికితే ట్యూషన్ వరుసలో పెరుగుదల సున్నా వేసుకోవచ్చు. ఈ మూడింటిలో ఏదీ అలాంటిది కాదు.

చేతిలో ఉన్నది 1,64,000. ప్రైవేటు కాలేజీకి 72,700 తక్కువ. విద్యార్థి పేరున ఫెడరల్ డైరెక్ట్ లోన్లు నాలుగేళ్లకు 5,500, 6,500, 7,500, 7,500, కలిపి 27,000. మిగతా 45,700 తల్లిదండ్రుల పేరున తీసుకునే ఫెడరల్ పేరెంట్ ప్లస్ లోను. దాని మీద 4.228 శాతం ఫీజు ముందే కోసుకుంటారు కాబట్టి చేతికి 45,700 రావాలంటే 47,700 అప్పు రాయాలి. వడ్డీ అప్పటికి 8.05 శాతం, ఆ జులై నుంచి తీసుకునే లోన్లకు 9.08 అయింది.

అప్పు మాట రాగానే తండ్రి ఒక మెట్టు దిగారు. "మరీ అంతుంటే భరిద్దాం, నాలుగేళ్లేగా" అన్నారు. కాబట్టి స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ నిలుస్తుందా అన్న ప్రశ్న మిగిలింది.

జీపీఏ లెక్క

ప్రైవేటు కాలేజీ షరతు: ప్రతి స్ప్రింగ్ (రెండో) సెమిస్టర్ చివర మొత్తం జీపీఏ 3.5 ఉండాలి. పొరుగు రాష్ట్రానిది 3.0, తగ్గితే ఒక సెమిస్టర్ గడువు ఇస్తారు. హైస్కూల్లో 3.9 ఉన్న పిల్లకు 3.5 ఒక లెక్కా అనిపిస్తుంది ఇంట్లో వాళ్లకు. అందుకే కెమికల్ ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్‌ను కాగితం మీద వేసి చూపించాం.

గ్రేడులో ఏ అంటే 4, ఏ మైనస్ 3.7, బీ 3, బీ మైనస్ 2.7. దాన్ని కోర్సు బరువు చెప్పే క్రెడిట్లతో గుణిస్తే పాయింట్లు, పాయింట్లను క్రెడిట్లతో భాగిస్తే జీపీఏ. ల్యాబ్‌తో కెమిస్ట్రీ 4 క్రెడిట్లు, బీ వచ్చిందనుకుందాం: 12 పాయింట్లు. కాల్‌క్యులస్ బీసీ పాసైతే మొదటి రెండు కాల్‌క్యులస్‌లు దాటేసి నేరుగా మూడో దానిలో కూర్చుంటుంది. 4 క్రెడిట్లు, బీ మైనస్: 10.8. ఇంజనీరింగ్ పరిచయం 3 క్రెడిట్లు, ఏ మైనస్: 11.1. రైటింగ్ 3 క్రెడిట్లు, ఏ: 12. సెమినార్ 1 క్రెడిట్, ఏ: 4. మొత్తం 15 క్రెడిట్లకు 49.9 పాయింట్లు, జీపీఏ 3.33. ఏ తల్లిదండ్రులూ సిగ్గుపడే మార్కులు కావివి.

ఇప్పుడు ఏడాది చివరికి 30 క్రెడిట్ల మీద 3.5 కావాలంటే 105 పాయింట్లు. మిగిలింది 55.1, అంటే రెండో సెమిస్టర్‌లో 3.67. ఫిజిక్స్, ఆర్గానిక్ కెమిస్ట్రీ వైపు నడిచే ఆ సెమిస్టర్‌లో దాదాపు అన్నిట్లో ఏ మైనస్ రావాలి. 3.0 షరతైతే? కావాల్సింది 90, మిగిలింది 40.1, అంటే 2.67. సగటున బీ మైనస్ చాలు.

అమ్మాయి ఆ కాగితాన్ని రెండుసార్లు చూసుకుంది. "అంటే నాన్నా, బీసీ పాసవడం నాకు నష్టమా?" అంది. ఒక రకంగా అవును. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్రెడిట్లు కాలేజీ జీపీఏలోకి రావు, తేలిగ్గా ఏ తెచ్చుకోగల కోర్సుల్ని మాత్రం లెక్కలోంచి తీసేస్తాయి. జీపీఏ మీద డబ్బు ఆధారపడ్డప్పుడు వాటిని వాడాలా వద్దా అన్నది విడిగా తేల్చుకోవాలి.

రెండేళ్ల తర్వాత స్కాలర్‌షిప్ పోతే ప్రైవేటు కాలేజీ లోటు 60,000 పెరిగి 1,32,700 అవుతుంది, తల్లిదండ్రుల అప్పు 1,05,700. ఆ గడి దగ్గర తండ్రి ప్రైవేటు కాలేజీ వరుసను తానే చెరిపేశారు. నిజానికి నేను ఇంకో సమావేశం పడుతుందనుకున్నాను.

రెండింటి మధ్య

మిగిలిన రెండు కాలేజీల్లో డబ్బు తేడా ఐదు వేలు, నాలుగేళ్ల అంచనాలో అది లెక్కలోకి రాదు. కాబట్టి ఏ రిస్కు మోయగలరో చూడాలి. సొంత రాష్ట్రంలో పోగొట్టుకోవడానికి స్కాలర్‌షిప్పే లేదు. కానీ ప్రవేశం ప్రీ-ఇంజనీరింగ్‌లో, మొదటి ఏడాది తర్వాత జీపీఏ పోటీలో కెమికల్ సీటు తెచ్చుకోవాలి, హామీ లేదు. పొరుగు రాష్ట్రంలో నేరుగా కెమికల్ విభాగంలోనే సీటు, స్కాలర్‌షిప్‌కు 3.0. అక్కడ జీపీఏ జారితే డబ్బు పోతుంది, ఇక్కడ జారితే కోర్సే పోతుంది. ఇంకేదైనా సబ్జెక్టు చదవడానికి సిద్ధపడే పిల్లయితే సొంత రాష్ట్రమే అనేవాణ్ణి. ఈ అమ్మాయి సిద్ధంగా లేదు.

నిర్ణయానికి ముందు పొరుగు యూనివర్సిటీ ఆర్థిక సాయం ఆఫీసుకు అమ్మాయి చేత ఈమెయిల్ పంపించాం. ఫోను వద్దు, జవాబు రాతపూర్వకంగా ఉండాలి. ఏడాదికి ఎన్ని క్రెడిట్లు పూర్తి చేయాలి? వేసవి క్రెడిట్లు కలుస్తాయా? కో-ఆప్ (చదువులో భాగంగా కంపెనీలో చేసే పని) కోసం ఒక సెమిస్టర్ బయటికి వెళ్తే స్కాలర్‌షిప్ ఆగి ఉంటుందా, ఒక సెమిస్టర్ ఖర్చయిపోయినట్టా? బ్రాంచి మారితే ఉంటుందా? బయటి స్కాలర్‌షిప్ వస్తే దేన్ని తగ్గిస్తారు? జవాబులు: 30 క్రెడిట్లు, వేసవి కలుస్తుంది, కో-ఆప్‌లో ఆగి ఉంటుంది, బ్రాంచి మారినా ఉంటుంది, మొత్తం ఖర్చు దాటనంతవరకు ఏదీ తగ్గించరు. అమ్మాయి గెలిచిన 4,500 ఇక్కడ నిలబడింది.

ఆ తర్వాత రెండో అప్పీలు. ఈసారి ఇంజనీరింగ్ విభాగానికి, ఎనిమిది వాక్యాలు, అమ్మాయి రాసింది. పన్నెండో తరగతి సగం ఏడాది మార్కులు జతచేసింది, అప్లికేషన్ నాటికి అవి లేవు. మీ కాలేజీయే నా మొదటి ఎంపిక, ఏడాదికి 3,000 విభాగపు స్కాలర్‌షిప్ దొరికితే ఈ వారంలోనే డిపాజిట్ కడతాను అని రాసింది. తొమ్మిది రోజులకు ఒప్పుకున్నారు. ఫోనులో "నాలుగేళ్లూ" అన్నారు, లెటర్లో మాత్రం "2024-25" అని ఒక్క ఏడాదే ఉంది. సవరించిన లెటర్ అడిగి తెప్పించుకున్నాకే డిపాజిట్ కట్టారు. ఆ సవరణ విలువ 9,000 డాలర్లు. మొత్తం అంచనా 1,20,800కి దిగింది, 1,64,000లో 43,200 మిగులు.

తర్వాత జరిగింది

మొదటి సెమిస్టర్ 3.2. స్ప్రింగ్‌లో 16 క్రెడిట్లు తీసుకుంది, ఫిజిక్స్ మిడ్‌టర్మ్ పోయింది, ఆ 4 క్రెడిట్ల కోర్సు విత్‌డ్రా చేసింది. 12 క్రెడిట్లు మిగిలాయి కాబట్టి ఫుల్‌టైమ్ హోదా నిలిచింది. 15 తీసుకుని ఉంటే 11కు పడిపోయి ఆ సెమిస్టర్ స్కాలర్‌షిప్పే చిక్కుల్లో పడేది. ఏడాదికి 27 క్రెడిట్లు, కావాల్సింది 30.

వేసవిలో ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో చవగ్గా ఫిజిక్స్ పూర్తి చేద్దామనుకున్నారు. చేరేముందు అడగమన్నాను. డిగ్రీకి ఆ క్రెడిట్లు చెల్లుతాయి గానీ స్కాలర్‌షిప్ 30లోకి రావు అని జవాబు. వేసవి కలుస్తుందా అని అడిగాం, ఎక్కడి వేసవి అని అడగలేదు. ఆ ప్రశ్న రాసింది నేనే. చివరికి సొంత యూనివర్సిటీ ఆన్‌లైన్ కోర్సుకు 3,900 కట్టారు, మెరిట్ వేసవికి వర్తించదు. ఏడాది చివరి జీపీఏ 3.28. స్కాలర్‌షిప్ రెన్యూ అయింది.

ఇదే కేసు మళ్లీ వస్తే

జనవరి లెటర్ రాగానే కామన్ డేటా సెట్ చూపిస్తాను, ఏప్రిల్ దాకా ఆగను. గౌరవం ముడి మొదటే విప్పి ఉంటే తండ్రి మొదటి అప్పీలు మీద పదిహేను రోజులు పోయేవి కావు.

చిన్న అంకెల్ని తేలిగ్గా తీసుకోవద్దని కూడా ముందే చెబుతాను. టెక్సాస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో 1,000 డాలర్లకు తగ్గని కాంపిటీటివ్ స్కాలర్‌షిప్ వస్తే బయటి రాష్ట్రపు విద్యార్థికీ ఆ రాష్ట్రవాసుల ట్యూషన్ వర్తించే వెసులుబాటు చట్టంలో ఉంది, కోటా పరిమితితో. లెటర్ మీద వెయ్యే కనిపిస్తుంది, తగ్గేది దానికి ఎన్నో రెట్లు. ఈ కుటుంబం అక్కడ అప్లై చేయనే లేదు.

అప్పు గడి మాత్రం పూర్తిగా మార్చాలి. 2026 జులై 1 నుంచి కొత్తగా పేరెంట్ ప్లస్ తీసుకునేవాళ్లకు ఒక విద్యార్థి మీద ఏడాదికి 20,000, మొత్తమ్మీద 65,000 దాటి ఇవ్వరు. ఈ కేసులో 45,700 ఆ గీతలోపే ఉంటుంది. స్కాలర్‌షిప్ పోయిన గడిలోని 1,05,700 ఉండదు, మిగతాది ప్రైవేటు బ్యాంకు దగ్గరే వెతుక్కోవాలి. తమ్ముడి షీటులో ఈ వరుస ఇప్పటికే చేర్చాం, దాని కింద "ఎక్కడి వేసవి?" అన్న ప్రశ్న కూడా.